నెట్ లేకున్నా ఒక్కణ్నే ఆడుకునే ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి కథలో ముందుకెళ్లే) గేమ్ ఏదైనా చెప్పండన్నా

మాది మిర్యాలగూడ పక్కన ఊరు. ఇక్కడ పోరగాళ్లంతా బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌ల మీదే ఉన్నారు, నాకేమో మంచి కథ ఉండి, అమ్మ పిలిస్తే ఆపేసి మళ్లీ అక్కణ్నుంచే ఆడుకునే గేమ్ కావాలి. స్కైరిమ్ (2011), విచర్ 3 (2015) అయిపోగొట్టాను. ఒంటరిగా ఆడే గేమ్‌లకు కాలం చెల్లిందంటారు గానీ 2023లో బాల్డర్స్ గేట్ 3కి వచ్చిన పేరు చూస్తే అది ఒట్టి మాటే. కానీ దానికి 150 జీబీ జాగా కావాలి, నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ, గ్రాఫిక్స్ కార్డు 2 జీబీదే. మబ్బు పడితే చాలు, మాకు నెట్ పోతుంది. జీఓజీ అనే గేమ్‌లు అమ్మే వెబ్‌సైట్‌లో కొంటే ఇన్‌స్టాలర్ దించి దాచుకోవచ్చు కాబట్టి అక్కడే కొందామనుకుంటున్నా. నా ల్యాప్‌టాప్‌లో నడిచేవి, మలుపులు మన నిర్ణయాన్ని బట్టి మారేవి ఏమున్నాయి?