అప్‌డేట్: డిజైనర్‌కీ, చేత్తో కోడ్ రాసేవాళ్లకీ కుదిరిన సాఫ్ట్‌వేర్

టీమ్‌లో ఒకరు డిజైనర్, ఇంకొకరు చేత్తో కోడ్ రాస్తారు, ఇద్దరికీ పనికొచ్చే వెబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏదని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, విషయం తేలింది.

"ఒకే టూల్ వెతకొద్దు, ఫైళ్లు ఉమ్మడిగా ఉంటే చాలు" అన్న సలహానే పనిచేసింది. లేఅవుట్ ఫిగ్మాలో (పేజీలు గీసే టూల్), కోడ్ వీఎస్ కోడ్‌లో (కోడ్ రాసే ఎడిటర్). పేజీ తయారయ్యాక చిన్న మార్పులు డిజైనరే పైన్‌గ్రో అనే విజువల్ ఎడిటర్‌లో చేసేస్తున్నారు. అది మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ ఫైళ్లనే నేరుగా తెరిచి సేవ్ చేస్తుంది కాబట్టి ఏ లైన్ మారిందో గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర ఉంచే టూల్) కనిపిస్తుంది. బ్రౌజర్‌లోనే సైటు కట్టే వెబ్‌ఫ్లో మాకు నప్పలేదు: ఎక్స్‌పోర్ట్ చేసిన కోడ్‌లో సీఎంఎస్ కంటెంట్ (అందులో దాచుకున్న వ్యాసాల్లాంటివి) రాదు, చేత్తో మార్చిన ఫైళ్లను తిరిగి అందులోకి ఎక్కించలేం.

ఫిగ్మా నుంచి సీఎస్‌ఎస్ కాపీ చేసేవాళ్లు ముందు ఫ్రేములకి ఆటో లేఅవుట్ (లోపలి భాగాలను వరసగా అమర్చే సెట్టింగ్) పెట్టండి. పెడితే కోడ్‌లో వరసనీ మధ్య ఖాళీనీ చెప్పే ఫ్లెక్స్, గ్యాప్ వస్తాయి. లేకపోతే యాబ్సొల్యూట్ పొజిషన్లు (కదలని స్థానాలు) వచ్చి, ఫోన్‌లో భాగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.

తెలుగు సైటైతే ఇది తప్పక చూడండి. ఇంగ్లీష్ నమూనాతో గీసిన శీర్షికకి లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.2, ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినది దాచేయడం) ఉంటే "రాష్ట్రం"లో కింది వత్తులు తెగిపోతాయి. ఫాంట్ మార్చక్కర్లేదు, లైన్-హైట్ 1.6 చేసి, హైట్ బదులు మిన్-హైట్ (కనీస ఎత్తు) ఇస్తే చాలు.

విండోసా మ్యాకా అన్న చర్చ మాత్రం అక్కర్లేకపోయింది, ఫిగ్మా, వీఎస్ కోడ్, పైన్‌గ్రో మూడూ రెండింట్లోనూ నడుస్తాయి.