అమ్మ చీరలతో బొంతలు కుట్టించాలి, కడప వైపు ఎవరైనా ఉన్నారా?

అమ్మ పోయాక ఆమె బీరువా తెరవడానికి మా ముగ్గురికీ ధైర్యం చాల్లేదు. సంవత్సరికం దగ్గర పడుతోందని మొన్న తెరిస్తే పైనే మాధవరం నేత చీర, కొంగు ముడిలో చిల్లర ఇంకా అలాగే ఉంది, అన్న ఆ ముడి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. పట్టుచీరలు అక్కా నేనూ పంచుకుంటాం. నూలు చీరలు పొరలుగా పరిచి, చేత్తో కుట్టే బొంతలు ముగ్గురికీ ఒక్కోటి చేయించాలని నా ఆశ. అన్నేమో అమ్మ చీరకు కత్తెర పెట్టొద్దంటున్నాడు, ఆ బాధా నాకు అర్థమవుతుంది. కోయకుండా మడతలు పెట్టి కుట్టేవాళ్లు కడప, సిద్ధవటం, ప్రొద్దుటూరు వైపు ఎవరైనా తెలుసా? కుట్టేముందు ఉతకాల్సిందేనా? వాటిలో అమ్మ వాసన ఇంకా ఉంది, అదే మా టెన్షన్. ఒక బొంతకు ఎన్ని చీరలు పడతాయో, కూలి ఎంత తీసుకుంటారో కూడా చెప్పండి.