190 మందికి ఒకే వాట్సాప్ గ్రూప్, డౌట్లు ఎక్కడ పెట్టించాలి?

ఘట్‌కేసర్_సీఎస్ఈ:
జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీ, రెండో సంవత్సరం డేటా స్ట్రక్చర్స్, మూడు సెక్షన్లు. గ్రూపులో మిడ్ పరీక్ష దగ్గరపడితే "సార్ ఇంపార్టెంట్ క్వశ్చన్స్" తప్ప ఇంకేం ఉండదు. అడిగిన డౌటే మళ్లీ మళ్లీ వస్తుంది. అమ్మాయిలు అసలు మెసేజే పెట్టరు. ఏం మార్చాలి?

బండ్లగూడ_లెక్చరర్:
వాట్సాప్ తీసేయకండి సార్, నోటీసు బోర్డుగా ఉంచండి. అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చి, సెక్షన్‌కి ఒక సీఆర్‌ని (క్లాస్ రిప్రజెంటేటివ్) అడ్మిన్ చేయండి. డౌట్లకి టెలిగ్రామ్ గ్రూప్ పెట్టి టాపిక్స్ (ఒకే గ్రూపులో విడివిడి చర్చలు) ఆన్ చేయండి. సిలబస్‌లో ఎలాగూ ఐదు యూనిట్లే కదా, యూనిట్‌కో టాపిక్, ల్యాబ్‌కి ఒకటి. అంతకు మించితే అన్నీ జనరల్‌లోనే పడేస్తారు. చాట్ హిస్టరీ విజిబుల్‌లో ఉండాలి. డిప్లొమా చేసి ఈసెట్‌తో నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చే లేటరల్ ఎంట్రీ పిల్లలు క్లాసులు మొదలయ్యాక చేరినా పాత జవాబులు కనబడతాయి.

మేడమ్_ఈసీఈ:
అమ్మాయిల సంగతి సిగ్గు కాదు సార్, ఫోన్ నంబరు. వాట్సాప్‌లో డౌట్ అడిగితే పక్క సెక్షన్ నుంచి ప్రైవేటుగా "హాయ్" వస్తుంది. టెలిగ్రామ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి ఫోన్ నంబర్‌ని నోబడీకి మార్పించండి. దాని కిందే నంబరుతో ఎవరు వెతకొచ్చో ఉంటుంది, అది మై కాంటాక్ట్స్ చేయాలి. మొదటిది ఒక్కటే మారిస్తే, నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకి అకౌంట్ దొరికిపోతుంది.

పాయింటర్_పంతులు:
ఇవన్నీ చేసినా గ్రూప్ మూగబోయేది మన వల్లే. డౌట్ పడగానే సారే జవాబిస్తే ఇంకెవరు ప్రయత్నిస్తారు? సాయంత్రం దాకా ఆగండి, తప్పు జవాబు వస్తే అప్పుడు దిద్దండి. పోస్టులకి మార్కులు మాత్రం వద్దు, కాపీ జవాబులతో నిండిపోతుంది.
కోడ్ స్క్రీన్‌షాట్ ఒప్పుకోకండి. సెర్చ్‌లో దొరకదు, కాపీ చేసి రన్ చేయలేం. కోడ్‌కి ముందు మూడు, వెనక మూడు బ్యాక్‌టిక్‌లు (` గుర్తు) పెట్టించండి. లేకపోతే డబుల్ పాయింటర్ గుర్తు (**) రెండు చోట్ల వస్తే టెలిగ్రామ్ ఆ చుక్కలు మింగేసి మధ్యదంతా బోల్డ్ చేసేస్తుంది! "ఎర్రర్ వస్తోంది సార్" అంటే చాలదు. ఏ ఇన్‌పుట్ ఇచ్చారు, ఏం రావాలి, ఏం వచ్చింది, మూడూ రాయాలి.

ఘట్‌కేసర్_సీఎస్ఈ:
థ్యాంక్స్ అండి. క్విజ్ పోల్స్ పనికొస్తాయా?

పాయింటర్_పంతులు:
వస్తాయి, వారానికి మూడు నాలుగు చాలు. అనానిమస్‌గానే ఉంచండి, తీసేస్తే ఎవరు ఏది నొక్కారో క్లాసంతా చూస్తుంది. వివరణకి 200 అక్షరాలే చోటు. పంపే ముందే సరైన ఆప్షన్ మరోసారి చూసుకోండి. ప్రశ్నకి ఉదాహరణ: సర్క్యులర్ క్యూలో (చివరి గడి తర్వాత మళ్లీ మొదటి గడికి వచ్చే వరుస) ఒక గడి ఎందుకు ఖాళీగా వదులుతాం? ఫ్రంట్ (వరుస మొదలు), రేర్ (వరుస చివర) సమానమైతే క్యూ నిండిందో ఖాళీనో తేలదని. ఎక్కువమంది పొరపాటున నొక్కిన ఆప్షన్ ఏదో చూసి, మర్నాడు క్లాస్ అక్కడినుంచే మొదలుపెట్టండి.