గుడి రాళ్లు మిషన్‌తో చెక్కిస్తే తప్పేంటి?

కోడ్‌కాపు: హన్మకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, మళ్లీ తెరిచింది 2024లో. రాళ్లన్నీ స్కాన్ చేసి, విరిగిన భాగాలు కంప్యూటర్‌లో పూరించి సీఎన్‌సీకి (కంప్యూటర్ ఫైలు చూసి చెక్కే మిషన్‌కి) ఇస్తే ఇన్నేళ్లు పట్టేదా? శిల్పశాస్త్రమే ఓ ప్రోగ్రాం. తాళమంటే విగ్రహం ముఖమంత కొలత. నవతాళమంటే విగ్రహం ఎత్తు 9 తాళాలు, తాళానికి 12 శాస్త్రపు అంగుళాలు, మొత్తం 108.

ఉలిదెబ్బ: ఆలస్యమంతా ఉలి మీదకే నెట్టేశారు, బాగుంది. మరి ఉత్తమ దశతాళానికి, అంటే పది తాళాల కొలతల్లో పెద్దదానికి, మీ లెక్కన 120 రావాలిగా? శాస్త్రంలో 124. ఆ 4 మీ గుణకారంలో ఎక్కడున్నాయి?

కోడ్‌కాపు: అదీ రాసిపెట్టిన లెక్కే కదండీ. ఇంకో లైను కోడ్, అంతే.

ఉలిదెబ్బ: ముందు 9 ఇంటూ 12 అన్నది మీరే.

పాలంపేట చుట్టం: రామప్ప ఇటుకలు నీళ్లలో తేలతాయి. అవి ఏ మిషన్ చేసింది? 😀

ఉలిదెబ్బ: అవి ఇటుకలు తమ్ముడూ, రాళ్ల సంగతి మాట్లాడుతున్నాం.

కోడ్‌కాపు: 124 వదలరా?

ఉలిదెబ్బ: వదలను. రాతిని సుత్తితో తట్టి చప్పుడు వింటాం. కంగుమంటే ఒకటి, మొద్దుగా పలికితే ఒకటి. లోపల జీర, అంటే సన్నని పగులు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. మీ స్కానర్ చూసేది పైచర్మం.

కోడ్‌కాపు: లోపలి పగులు అల్ట్రాసోనిక్ పరీక్షలో దొరుకుతుంది. మీ చెవి ఎన్నిసార్లు తప్పిందో లెక్కుందా? మా ఊరి గుడికి ద్వారపాలకులు చెక్కుతానని ఒకాయన అడ్వాన్సు తీసుకుని రెండేళ్లు తిప్పాడు. ఫోనెత్తడు. మిషన్ అడ్వాన్సు మింగదు.

ఉలిదెబ్బ: వాడెవడో మింగితే మా అందరికీ అంటగడతారా? నాదీ వినండి. పోయినేడు మూడడుగుల అమ్మవారిని నాలుగు నెలలు కూర్చుని చెక్కిచ్చాను. దాన్ని స్కాన్ చేసి ఆరు బొమ్మలు కోయించుకున్నారు. నాకిచ్చింది ఒక్కదాని కూలి. ఆరింటి ముఖంలోనూ నేను దిద్దిన పెదవే. అడిగితే "ఫైలు మాది" అన్నారు.

కోడ్‌కాపు: ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా! 124 దగ్గర కూర్చోబెట్టారు నన్ను.

ఉలిదెబ్బ: 124 కూడా నిజమే.

కోడ్‌కాపు: సరే. ఫైలు వాడిన ప్రతిసారీ మీకింత అని రాసిస్తే మిషన్‌కి ఒప్పుకుంటారా?

ఉలిదెబ్బ: కొత్త గుళ్లకైతే ఆలోచిస్తా. కాకతీయుల గుడిలో విరిగిన చెయ్యికి మాత్రం ఒప్పుకోను. అక్కడ నా ఉలి పెట్టడానికే భయం నాకు.

కోడ్‌కాపు: అంటే అక్కడ మీరూ వద్దు, మిషనూ వద్దా?

నంది కావాలి: మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. ఆళ్లగడ్డలో రెండడుగుల నందికి ఎంత అడుగుతున్నారు? చేత్తో చెక్కిందే కావాలి.

కోడ్‌కాపు: మిషన్‌దైతే తక్కువలో వస్తుంది.