అప్‌డేట్: కుర్రకారు కోసం మ్యూజిక్ మ్యాగజైన్ డిజైన్

16–20 ఏళ్ల వాళ్ల కోసం చేస్తున్న మ్యూజిక్ మ్యాగజైన్ కవర్ కిక్కిరిసినట్టు ఉంది, ఏం తీసేయాలో చెప్పమని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. మొదటి సంచిక ప్రింట్‌కి వెళ్లింది.

కవర్ మీద ఇప్పుడు ఒకటే ఫొటో, నేరుగా మన వైపే చూస్తున్న సింగర్ ముఖం. తల కొద్దిగా మ్యాగజైన్ పేరు మీదికి వచ్చింది. పేరు చదవడానికి అడ్డం లేదు, పైగా ఫొటో ముందుకొచ్చినట్టుంది. నియాన్ రంగులు వద్దన్నవాళ్ల మాట నిజమే. స్క్రీన్ మీద ఆర్‌జీబీలో (స్క్రీన్ వెలుతురుతో చూపే రంగుల్లో) మెరిసే ఆకుపచ్చ సీఎంవైకేలోకి (ప్రింటింగ్ ఇంకు రంగుల్లోకి) మార్చగానే వెలిసిపోతుంది. దాని బదులు నలుపు మీద పసుపు పెట్టాం.

అసలు పని లోపలి పేజీల్లోనే పట్టింది. తెలుగు అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లిష్ టెంప్లేట్‌లోని లైన్ గ్యాప్‌తో పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. గ్యాప్ పెంచితే వ్యాసాలు పేజీ దాటిపోయాయి. మధ్యలో పిన్ కొట్టే బైండింగ్‌కి పేజీలు 4 చొప్పునే పెరుగుతాయి, ఒక్క పేజీ కలుపుతామంటే కుదరదు. ఇంటర్వ్యూకే కత్తెర పడింది. (రాసినవాడు ఇంకా అలకలోనే ఉన్నాడు.)

రివ్యూల పక్కన క్యూఆర్ కోడ్ ఐడియా బాగా పనికొచ్చింది, చదువుతూనే పాట వినొచ్చు. నల్ల పేజీ మీద తెల్ల కోడ్‌ని కొన్ని ఫోన్లు చదవవు, అందుకే తెల్ల గడిలో నల్ల కోడే ఉంచాం. రేటింగ్ స్టార్లు మాత్రం ఎందరు వద్దన్నా తీయలేదు.