పాత పొందూరు పంచెతో మాస్కులు కుట్టవచ్చునా?

రాజాం కోడలు:
2020లో ప్రభుత్వం మనిషికి మూడేసి గుడ్డ మాస్కులు పంచడానికి పొదుపు సంఘాల చేత కుట్టించినప్పుడు నేనూ మా సంఘంలో కుట్టాను. నాటి నుంచి మా ఇంటిల్లిపాదికీ మాస్కులు నా మిషను మీదనే తయారవుతున్నాయి. మా మామగారు కట్టి విడిచిన పొందూరు పంచెలు రెండు ఉన్నాయి. వాటిని మూడు పొరలుగా కుట్టి, జలుబు చేసినప్పుడు ఇంట్లో వాడుకోవడానికీ, టెక్కలి వైపు గ్రానైటు కోతలో పనిచేస్తున్న మా మరిదికి ఇవ్వడానికీ ఉంచుదామనుకున్నాను. గుడ్డ మాస్కు ఉత్త వేషమని మా తోటికోడలు వాదిస్తున్నది. మీరేమంటారు?

సిక్కోలు దర్జీ:
అమ్మా, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో సన్నగా వడికిన నూలు గనుక పొందూరు ఖద్దరుకు అంత పేరు వచ్చింది. అయితే మాస్కుకు కావలసింది సన్నదనం కాదు. పడుగూ పేకా ఒకదానికొకటి దగ్గరగా ఉండటం. పంచెను ఒంటి పొరగా ఎండకెత్తి పట్టి చూడండి. వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతుంటే దానిని చర్మానికి తగిలే లోపలి పొరకు మాత్రమే వాడండి, ఎందుకంటే నూలు తడిని బాగా పీలుస్తుంది. 2020 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతిలో కూడా లోపల నూలు, మధ్యన నాన్‌వోవెన్ పాలీప్రొపిలీన్ (నేయకుండా తయారుచేసే ఒక రకం ప్లాస్టిక్ గుడ్డ), వెలుపల తడి అంటని పాలియెస్టరు కలిసిన గుడ్డ ఉంటాయి.

విజయనగరం మాస్టారు:
దర్జీగారి లెక్క కాగితం మీద బాగానే ఉంది గాని, మన వైశాఖపు ఉక్కలో పాలియెస్టరు పొరను ముఖానికి కట్టుకుని ఎంతసేపు ఉండగలము? ఊపిరాడక ముక్కు కిందికి లాగేసుకునే మూడు పొరల మాస్కు కంటే, రోజంతా ముఖం మీద నిలిచే రెండు పొరల నూలు మాస్కే మేలని నా అభిప్రాయం. 2020లో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం వెలువరించిన పుస్తకం కూడా ఇంట్లోని నూలు గుడ్డతోనే కుట్టుకోమన్నది. సబ్బుతో ఉతికి ఐదు గంటలు ఎండలో ఆరవేయమన్నది, లేదా ప్రెషర్ కుక్కరులో పది నిమిషాలు ఉడికించమన్నది. (కుక్కరు మాట విని మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది.) నా దృష్టిలో పొరల సంఖ్య కంటే ముక్కుకు రెండు పక్కలా మిగిలే సందే పెద్ద లోపం. పై అంచులో సన్నని తీగ పెట్టి, చెవులకు ఎలాస్టిక్ బదులు తల వెనుక కట్టుకునే నాడాలు కుట్టండి.

టెక్కలి నర్సు:
మీరిద్దరూ జలుబు తుంపర్ల గురించే వాదించుకుంటున్నారు. దగ్గేవారి తుంపర్లు ఎదుటివారి మీద పడకుండా గుడ్డ మాస్కు కొంతవరకు ఆపుతుంది, కాబట్టి తోటికోడలిగారి మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. కాని, రాజాం అమ్మగారూ, మీ మరిదిగారికి మాత్రం దయచేసి దానిని ఇవ్వకండి. రాయి కోసేటప్పుడు లేచే సిలికా ధూళిలో ఊపిరితిత్తుల అడుగుకు చేరేది కంటికి కనిపించనంత సన్నని పొడి, దానివల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు నయం కాదు. గుడ్డ కట్టుకున్నానన్న ధీమాతో మనిషి ఆ ధూళిలో మరింతసేపు నిలబడటం ఇంకా ప్రమాదం. 0.3 మైక్రాను రేణువులలో కనీసం 95 శాతాన్ని ఆపేలా తయారైన ఎన్95 మాస్కు ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి, ధూళి లేవకుండా కోసే చోట నీరు పారుతూ ఉండాలి. ఎన్95ను పొదుపు కోసం సబ్బుతో ఉతకకండి. రేణువులను పట్టి ఉంచే విద్యుదావేశం దానితో పోతుంది.

రాజాం కోడలు:
ఎండకెత్తి చూశాను. ఒక పంచె అచ్చం జల్లెడే, రెండవది ఫరవాలేదు. గుడ్డ ముడుచుకుపోకుండా ముందే వేడినీళ్లలో జాడించి ఆరవేశాను. మాస్టారు చెప్పినట్లు నాడాలే కుడతాను. మరిదికి ఎన్95 తెప్పిస్తున్నాము, కోత దగ్గర నీళ్లు పెడుతున్నారో లేదో ఈ ఆదివారం వచ్చినప్పుడు అడుగుతాను. పాలియెస్టరు పొర సంగతి మాత్రం, దర్జీగారూ, ఒకటి మీ పద్ధతిలో, ఒకటి మాస్టారి పద్ధతిలో కుట్టి మామగారికే ఇస్తాను. ఏది ముక్కు మీద నిలుస్తుందో ఆయనే తేలుస్తారు.