విదేశీ మార్కెట్ పరిశోధన: రిపోర్టు కొనాలా, ఉచిత డేటా చాలా?

మాధవి: మా కంపెనీ స్టీలు ఫ్లాస్కులు చేస్తుంది. ముందు ఏ దేశానికి పంపాలో తేల్చే పని నాకు అప్పగించారు. ఆఫీసులో సగం మంది మార్కెట్ రిపోర్టు కొందామంటారు, మిగతా సగం దేశాల ఎగుమతి, దిగుమతి లెక్కలు ఇచ్చే సైట్లు ట్రేడ్ మ్యాప్, కామ్‌ట్రేడ్ చూస్తే చాలంటారు. ఈ పని చేసినవాళ్లు చెప్పండి, నెలాఖరుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

వాసు: కొనొద్దండి. ముందు హెచ్‌ఎస్ కోడ్, అంటే కస్టమ్స్‌లో సరుకుని గుర్తించే నంబరు, పట్టుకోండి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ పెట్టిన ఈ కోడ్లు 1988 నుంచి అమల్లో ఉన్నాయి, మొదటి 6 అంకెలు అందరికీ ఒకటే, ఆ తర్వాతవి ఏ దేశానివి ఆ దేశానివి. వాక్యూమ్ ఫ్లాస్కుది 961700. దాన్ని ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్‌లో వెతికితే ఏ దేశం ఎవరి దగ్గర ఎంత కొన్నదో వస్తుంది, విలువని బరువుతో భాగిస్తే కిలోకి ఎంత పెడుతున్నారో కూడా తెలుస్తుంది. ఏదైనా దేశం లెక్కలు ఇవ్వకపోతే దానికి అమ్మిన దేశాల ఎగుమతులు కూడండి. కాకపోతే దిగుమతి విలువలో సాధారణంగా రవాణా, బీమా కలిసి ఉంటాయి, ఎగుమతి విలువలో ఉండవు, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

కిరణ్: దిగుమతి అంటే మార్కెట్ కాదు వాసు గారూ. ఆ దేశంలోనే తయారయ్యే సరుకు మీకు ఎక్కడ కనిపిస్తుంది? ఉత్పత్తికి దిగుమతి కలిపి, ఎగుమతి తీసేస్తేనే కదా వాడకం తెలిసేది. ఏ బ్రాండుకి ఎంత వాటా, ఆన్‌లైన్లో ఎక్కువ పోతుందా షాపుల్లోనా, ఇవి ఏ కస్టమ్స్ లెక్కలోనూ ఉండవు. యూరోమానిటర్ లాంటి రిపోర్టు కంపెనీలు అమ్మేది ఆ సమాచారమే.

సుధ: వాక్యూమ్ లేని మామూలు స్టీలు బాటిల్ అయితే 7323 కదా?

వాసు: అవునండీ, 732393. అందులో స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు, పళ్లేలు అన్నీ కలిసిపోతాయి, బాటిళ్లని విడదీయలేం, ఆ దేశపు 8 లేదా 10 అంకెల కోడ్ వెతకాలి. పైగా కోడ్లు కొన్నేళ్లకోసారి మారతాయి. 2022 సవరణ దాకా స్మార్ట్‌ఫోన్‌కి విడిగా కోడే లేదు, బటన్ ఫోన్లతో కలిపి లెక్కేసేవారు. మాధవి గారూ, మీ ఫ్లాస్కు గోడల మధ్య గాలి తీసేశారా, నురుగు నింపారా? ముందు అది చెప్పండి.

కిరణ్: మళ్లీ కోడ్ దగ్గరికే వెళ్లారు. నేను గతంలో పనిచేసిన చోట సరిగ్గా ఇదే చేశాం. దిగుమతుల పట్టికలో పైనున్న దేశాన్ని ఎంచుకున్నాం. తీరా చూస్తే అక్కడ దిగిన సరుకు పక్క దేశాలకి వెళ్లిపోతోంది, కొనేది టోకు వ్యాపారులు, వాళ్లకి మా బ్రాండుతో పనే లేదు. రెండేళ్ల ఖర్చు పోయింది, నా ఉద్యోగమూ పోయింది.

వాసు: అది డేటా తప్పు కాదు, మీరు చూసుకోలేదు. ఊరికే దాటిపోయే సరుకు దిగుమతి కింద రాదు గానీ, దేశంలోకి వచ్చి మళ్లీ బయటికి వెళ్లేది, అంటే రీ-ఎక్స్‌పోర్టు, వస్తుంది. హాంకాంగ్, నెదర్లాండ్స్ పేర్లు కనబడగానే అనుమానం రావాలి. ఇక మీ రిపోర్టులంటారా, మేమూ ఒకటి కొన్నాం. ఆధారాలు చూస్తే అదే కామ్‌ట్రేడ్, దాని మీద ఏటా ఇంత పెరుగుతుందని ఒక శాతం. ఆ శాతం ఎలా వచ్చిందో ఒక్క ముక్క లేదు.

కిరణ్: చూసుకోలేదని మీకెవరు చెప్పారు? రీ-ఎక్స్‌పోర్టుల సంగతి నా నోట్‌లో రెండో పేరాలోనే రాశాను. పైవాళ్ల స్లైడ్‌లోకి వెళ్లేసరికి ఆ పేరా లేదు, పెద్ద అంకె ఒక్కటే మిగిలింది. నష్టం వచ్చాక మాత్రం "డేటా తెచ్చింది నువ్వేగా" అన్నారు. కొన్న రిపోర్టు మీద బయటి సంస్థ పేరు ఉంటుంది, కింది ఉద్యోగి రాసిన పేరాని కొట్టేసినట్టు దాన్ని కొట్టేయలేరు. నేను కొనమనేది అందుకు.

రమేశ్: మా దగ్గర కొన్న రిపోర్టుకీ అదే గతి పట్టింది. 200 పేజీల్లోంచి ఒక్క అంకె తీసుకున్నారు.

మాధవి: ఇది ముందే చెప్పాల్సింది. మా డైరెక్టర్ గారు ఒక దేశాన్ని ఇప్పటికే అనుకున్నారు. దానికి సరిపడే అంకె తెమ్మన్నారు. మాది వాక్యూమ్ ఫ్లాస్కే వాసు గారూ.

వాసు: కిరణ్ గారూ, చూసుకోలేదన్న మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. రిపోర్టు విషయంలో మాత్రం ఒప్పుకోను, రమేశ్ గారు చెప్పిందే జరుగుతుంది. మాధవి గారూ, దిగుమతి అంకె ఇచ్చి కింద వివరణ రాయకండి. రీ-ఎక్స్‌పోర్టులు తీసేసి మిగిలిన అంకెనే ఇవ్వండి, అప్పుడు కొట్టేయడానికి పేరా ఉండదు. పోటీ కంపెనీ అమెరికాదై అక్కడి స్టాక్ మార్కెట్లో ఉంటే, అది ఏటా ఇచ్చే 10-కె నివేదిక అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ సైటు ఎడ్గార్‌లో ఉచితంగా దొరుకుతుంది, అమ్మకాల్లో ఏ రిస్కులకి భయపడుతున్నారో వాళ్లే రాస్తారు.

కిరణ్: తీసేసిన అంకె ఇవ్వడం మంచిదే. కానీ అక్కడ దిగుమతి చేసుకునే నలుగురైదుగురితో మాట్లాడకుండా దాన్ని కూడా ఇవ్వొద్దు. డైరెక్టర్ అనుకున్న దేశం పక్కన ఇంకో రెండు పెట్టండి, పోల్చి చూడక తప్పదు ఆయనకి.

మాధవి: మూడింటికీ మొదలుపెట్టాను. ఒక దేశం రీ-ఎక్స్‌పోర్టులు విడిగా ఇవ్వడం లేదు, మొత్తం ఎగుమతుల్లో కలిపేసింది. ఏం చేయాలి?

వాసు: అక్కడ ఫ్లాస్కుల ఫ్యాక్టరీ ఏదైనా ఉందేమో చూడండి. లేకపోతే ఆ ఎగుమతంతా రీ-ఎక్స్‌పోర్టే.